పెళ్లి కార్యక్రమాలకు డీజే మిక్సర్: 60,000 రూపాయల్లో ఏది సరైనది?

తెనాలి_బీట్స్
నేను పెళ్లి రిసెప్షన్లలో, సంగీత్‌లలో, ఓణీల ఫంక్షన్లలో పాటలు వేస్తుంటాను. నా దగ్గర ల్యాప్‌టాప్, పయనీర్ డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 కంట్రోలర్ (ల్యాప్‌టాప్‌లోని పాటలను నడిపి, కలిపే పెట్టె) ఉన్నాయి. గత సీజను నుంచి మరో డీజే నాతో కలిసి పనిచేస్తున్నారు, ఆయన తన కంట్రోలర్ తానే తెచ్చుకుంటారు. ఒకరి తర్వాత ఒకరం వేయవలసి వచ్చినప్పుడు పిన్నులు పీకి మార్చడం వల్ల పాట మధ్యలో ఆగిపోతోంది. ఒక్కోసారి స్పీకర్లలో ఢామ్మని పెద్ద శబ్దం కూడా వస్తోంది. దీనికి తోడు సన్నటి హమ్మింగ్ ఒకటి వెంటాడుతోంది.

అందుకే డీజే మిక్సర్ కొనాలనుకుంటున్నాను. బడ్జెట్ 60,000 రూపాయలు, తప్పదంటే 75,000 వరకు పెట్టగలను. దుకాణంలో అడిగితే నాలుగు చానళ్లు (విడివిడిగా పెంచి, తగ్గించుకునే పాట దారులు), లెక్కలేనన్ని ఎఫెక్టులు, రంగురంగుల లైట్లు ఉన్న ఒక మిక్సర్ చూపించి, క్లబ్బుల్లో అందరూ ఇదే వాడుతున్నారని చెప్పారు. ఏ క్లబ్బులో అని అడిగితే మాత్రం సమాధానం రాలేదు. నాలుగు చానళ్లు నిజంగా అవసరమా, లోపల సౌండ్ కార్డు ఉండాలా, ఎఫెక్టుల కోసం డబ్బు పెట్టాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

గోదారి_ఫేడర్
మోడల్ పేరు చెప్పడానికి ముందు మీ సెట్టు గురించి మరికొంత తెలియాలి. ఇప్పుడు గానీ, మరో రెండేళ్లలో గానీ మీరు గ్రామఫోను రికార్డులు వాడే ఉద్దేశం ఉందా? యాంకర్ మైకు మీ దగ్గరికి వస్తుందా, సౌండ్ వాళ్ల దగ్గరికి వెళుతుందా? స్పీకర్లు మీవా, అద్దెవా? మీ కంట్రోలర్ నుంచి సౌండ్ వాళ్ల మిక్సర్ దాకా వైరు ఎంత పొడవు ఉంటుంది?

వినైల్_మావయ్య
నేనైతే సందేహం లేకుండా సెకండ్ హ్యాండ్‌లో పయనీర్ వారి డీజేఎం-900ఎన్‌ఎక్స్‌ఎస్2 మిక్సర్ కోసం వెతకమంటాను. 2016లో వచ్చిన ఆ మిక్సర్ ఎన్నో దేశాల క్లబ్బుల్లో ఏళ్ల తరబడి ప్రామాణికంగా నిలిచింది. నాలుగు చానళ్లలోనూ ఫోనో ఇన్‌పుట్ (గ్రామఫోను ప్లేయర్ తగిలించే చోటు) ఉంటుంది, యూఎస్‌బీ పోర్టులు రెండు ఉండడం వల్ల ఒక డీజే దిగి మరో డీజే ఎక్కేటప్పుడు పాట ఆగదు. మీరు అడిగిన సమస్యకు అదే పరిష్కారం. ఎక్కడికి వెళ్లినా అదే కనిపిస్తుంది కాబట్టి చేయి అలవాటు పడడం కూడా ముఖ్యమే.

నైజాం_నైట్స్
కొత్తదైతే లక్షల్లో ఉండే మిక్సర్ 75,000 రూపాయలకు దొరికిందంటే, కొనేవారు సంతోషించడం కన్నా అనుమానించడం మంచిది.

తెనాలి_బీట్స్
గోదారి_ఫేడర్ గారి ప్రశ్నలకు సమాధానాలు ఇవి. రికార్డులు వాడను, వాడే ఆలోచన కూడా లేదు. స్పీకర్లు ఎప్పుడూ అద్దెవే. యాంకర్ మైకు సాధారణంగా సౌండ్ వాళ్ల మిక్సర్‌లోకే వెళుతుంది, చిన్న ఫంక్షన్లలో మాత్రం నా కంట్రోలర్‌కే తగిలిస్తారు. స్టేజీ పక్కన నేను, హాలు చివర సౌండ్ ఆపరేటరు ఉండడం వల్ల ఆర్‌సీఏ వైరు (ఎరుపు, తెలుపు పిన్నుల మామూలు ఆడియో వైరు) ఒక్కోచోట ఇరవై మీటర్ల దాకా లాగవలసి వస్తోంది. హమ్మింగ్ కూడా అలాంటి చోట్లే ఎక్కువ.

సాగర్‌తీరం_సౌండ్
నేను విశాఖలో సౌండ్ అద్దెకిచ్చే వైపు ఉన్నవాణ్ణి కాబట్టి అవతలి కొస నుంచి చెబుతాను. మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు, వాటిలో ఒకదానికే మిక్సర్ సంబంధం ఉంది.

మొదటిది హమ్మింగ్. ఎఫ్‌ఎల్‌ఎక్స్4కు మాస్టర్ అవుట్‌పుట్ ఆర్‌సీఏ పిన్నుల ద్వారా మాత్రమే వస్తుంది. అది అన్‌బ్యాలెన్స్‌డ్ లైను. అలాంటి వైరు నాలుగైదు మీటర్లు దాటితే దారిలో ఉన్న కరెంటు తీగలు, లైట్ల డిమ్మర్లు, జనరేటర్ వైర్ల నుంచి గోలనంతా లాక్కుంటుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకు వైర్లకుండే మూడు పిన్నుల కనెక్టర్) ద్వారా వచ్చే బ్యాలెన్స్‌డ్ లైనులో సిగ్నల్ రెండు తీగల్లో ఒకదానికొకటి వ్యతిరేకంగా ప్రయాణిస్తుంది. దారిలో చేరిన గోల రెండింటిలోనూ ఒకే రకంగా ఉంటుంది కాబట్టి, అందుకునే మిక్సర్ ఒకదాన్నుంచి మరొకదాన్ని తీసివేసినప్పుడు గోల పోయి పాట మిగులుతుంది. అందువల్ల మీరు ఏ మిక్సర్ కొన్నా ఎక్స్‌ఎల్‌ఆర్ మాస్టర్ అవుట్‌పుట్ ఉండి తీరాలి. ఆ ఒక్క షరతుతోనే మీ దుకాణదారుడు చూపించే చవక పెట్టెల్లో చాలావాటిని పక్కన పెట్టేయవచ్చు.

హమ్మింగ్‌కు మరో కారణం గ్రౌండ్ లూప్. మీ ల్యాప్‌టాప్ చార్జరు స్టేజీ దగ్గర ఒక ప్లగ్గులోను, మా మిక్సరు హాలు చివర మరో ప్లగ్గులోను ఉండడం వల్ల, ఎర్తుకు రెండు దారులు ఏర్పడి 50 హెర్ట్జ్ గోల మొదలవుతుంది. చార్జరు పిన్ను ఒక్క నిమిషం తీసి చూడండి. హమ్మింగ్ ఆగిపోతే కారణం అదే. దానికి మందు గ్రౌండ్ లిఫ్ట్ (వైరులోని ఎర్తు దారిని తెంచే స్విచ్) ఉన్న స్టీరియో డీఐ బాక్సు, అంటే అన్‌బ్యాలెన్స్‌డ్ లైనును బ్యాలెన్స్‌డ్‌గా మార్చే చిన్న పెట్టె, అంతే తప్ప ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం కాదు. ఫంక్షన్ హాళ్లలో ఆ పని చేసేవాళ్లను తరచుగా చూస్తుంటాను. జనరేటరు మీద నడిచే స్టేజీలో ఎర్తు లేని లోహపు పెట్టె మీద చేతులు పెట్టి నిలబడడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఇక రెండవ సమస్య ఇద్దరు డీజేలు మారడం. దానికి మిక్సర్ కావలసిందే, అయితే నాలుగు చానళ్లు అక్కర లేదు. మీ ఇద్దరి కంట్రోలర్లూ లోపల ఇప్పటికే మిక్సర్లే. వాటి మాస్టర్ అవుట్‌పుట్లు చెరొక చానల్ లైన్ ఇన్‌పుట్‌లోకి వస్తే చాలు.

పాతికేళ్ల_పాట
మిక్సర్ గురించి అడిగినవారిని డీఐ బాక్సు కొనుక్కోమని పంపిస్తున్నారు. ఆ దుకాణదారుడు ఈ చర్చ చదివితే మనందరినీ శపిస్తాడు.

సాగర్‌తీరం_సౌండ్
డీఐ బాక్సు కూడా ఆయనే అమ్ముతాడు, కంగారు పడనవసరం లేదు.

ఖమ్మం_ఢంకా
సాగర్‌తీరం గారి మాటకు మా అనుభవం తోడు చేస్తాను. మా బృందంలో నాలుగు చానళ్ల మిక్సరే ఉంది. పెళ్లిళ్లలో మూడో చానలు, నాలుగో చానలు ఫేడర్లు (శబ్దం పెంచడానికి, తగ్గించడానికి జరిపే మీటలు) కిందికి దించినవి దించినట్టే ఉంటాయి. హల్దీ ఫంక్షన్ల పుణ్యమా అని వాటి చీలికల్లో పసుపు చేరింది, నాబ్‌ల మొదళ్లలో సన్నటి పసుపు రేఖ కనిపిస్తుంది, పైకి జరిపితే కరకరమంటాయి. రోజూ కదిలే మొదటి రెండు ఫేడర్లు మాత్రం ఇంకా శుభ్రంగానే పనిచేస్తున్నాయి. స్టేజీ ముందు పేలే రంగు కాగితాలు, పొగ యంత్రం వదిలే తేమ కూడా ఫేడర్లకు శత్రువులే. కాబట్టి మిక్సర్‌తో పాటు దాని కొలతకు సరిపోయే గట్టి ప్లాస్టిక్ మూత కూడా కొనండి. పాట మొదలయ్యే దాకా ఆ మూత తీయకూడదు.

గోదారి_ఫేడర్
రికార్డులు లేవని తేలింది కాబట్టి ఒక పెద్ద ఖర్చు తగ్గినట్టే. గ్రామఫోను ప్లేయర్ నుంచి వచ్చే సిగ్నల్ కొద్ది మిల్లీవోల్టులే ఉంటుంది. దాన్ని పెంచడానికి, రికార్డు తయారీలో తగ్గించిన బేస్‌ను తిరిగి నిలబెట్టడానికి ఫోనో ప్రీయాంప్ అనే ప్రత్యేకమైన సర్క్యూట్ కావాలి. అది నాణ్యంగా ఉండాలంటే ధర పెరుగుతుంది. మీకు అది పనికి రాదు.

కానీ ఒక జాగ్రత్త అవసరం. చాలా మిక్సర్లలో ఫోనో, లైను అని మార్చుకునే చిన్న స్విచ్ ఉంటుంది. కంట్రోలర్‌ను పొరపాటున ఫోనో వైపు పెడితే శబ్దం పగిలిపోయి, బేస్ గుమ్మరించినట్టు వస్తుంది. మిక్సర్ పాడైందని దుకాణానికి తిరిగి తీసుకువెళ్లే వారిలో కొందరి సమస్య ఆ స్విచ్చే.

ఉలిపికట్టె
నా పేరుకు తగ్గట్టే నేను వేరే దారి చెబుతాను. మీకు డీజే మిక్సరే వద్దు. యమహా ఎంజీ10ఎక్స్‌యూ లాంటి చిన్న పీఏ మిక్సర్ (సభల్లో మైకులు, వాయిద్యాలు కలిపే రకం) తీసుకోండి. అందులో నాలుగు మైకులు తగిలించుకోవచ్చు, రెండు కంట్రోలర్లు స్టీరియో చానళ్లలోకి వెళతాయి, ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్ ఉంటుంది, కండెన్సర్ మైకుకు కావలసిన ఫాంటమ్ పవర్ కూడా ఉంటుంది. గాయని వచ్చినా, తబలా కళాకారుడు వచ్చినా వారికి చోటు ఉంటుంది. మీ బడ్జెట్‌లో మిగిలిన డబ్బుతో మంచి వైరులెస్ మైకు కొనుక్కోవచ్చు.

వినైల్_మావయ్య
దీన్ని ఒప్పుకోలేను. ఆ యమహాలో చానల్ శబ్దాన్ని తిప్పే నాబ్‌తో మార్చాలి, ఫేడర్ లేదు. ఒక పాట దించుతూ మరో పాట ఎక్కించే పనికి వేలికి ఫేడర్ తగలాలి. పైగా దాని ఈక్యూ (బేస్, మిడ్, ట్రెబుల్‌లను మార్చే నాబ్‌లు) 15 డెసిబెల్స్ పెంచడానికి, అంతే తగ్గించడానికి ఉద్దేశించినది. డీజేఎం మిక్సర్లలో ఈక్యూ పెంపు 6 డెసిబెల్స్ దగ్గర ఆగుతుంది, తగ్గింపు మాత్రం 26 దాకా వెళుతుంది. ఐసొలేటర్‌గా మార్చుకునే వీలున్న వాటిలో బేస్ పూర్తిగా మాయమవుతుంది. ఒక పాట బేస్ తీసి మరో పాట బేస్ దింపే నైపుణ్యమంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఉలిపికట్టె
ఆ నైపుణ్యం ప్రదర్శించేది కంట్రోలర్ మీద కదా? ఒక డీజే తన రెండు పాటలను తన కంట్రోలర్‌లోనే కలుపుకుంటాడు, హెడ్‌ఫోను కూడా అక్కడే ఉంటుంది. బయటి మిక్సర్ చేయవలసిన పని ఒక్కటే, ఒకరిని దించి మరొకరిని ఎక్కించడం. ఆ పని కార్యక్రమం మొత్తంలో కొద్దిసార్లే జరుగుతుంది.

వినైల్_మావయ్య
ఆ కొద్దిసార్లే జనం గమనించేది. ఒకరి చివరి పాటకు, మరొకరి మొదటి పాటకు వేగం కలపాలంటే రెండో డీజే మొదటివారి పాటను హెడ్‌ఫోనులో వినగలగాలి. ప్రతి చానలుకూ క్యూ బటన్ ఉన్న మిక్సర్ అయితేనే అది వీలవుతుంది.

సాగర్‌తీరం_సౌండ్
ఇద్దరి మాటలోనూ పట్టు ఉంది. అయితే మైకుల విషయంలో మాత్రం నేను ఉలిపికట్టె గారితో ఏకీభవించను. యాంకర్ మైకును డీజే దగ్గరికి తీసుకువస్తే, అది కూత వేయడం మొదలుపెట్టినప్పుడు స్పీకర్లకు ఎదురుగా ఉన్న ఆపరేటరు చేతిలో ఏమీ ఉండదు. పాట, మాట కలిసి ఒకే లైనులో వచ్చాక ఆ ఒక్క మైకు ఫ్రీక్వెన్సీని ఎలా తగ్గించగలడు? పెద్ద హాలులో మైకులన్నీ ఆపరేటరు దగ్గరే ఉండాలి. డీజే దగ్గర అత్యవసరానికి ఒక్క మైకు చాలు, దానికి టాక్‌ఓవర్ ఉంటే మేలు. యాంకర్ మాట్లాడగానే పాట తనంతట తాను తగ్గి, మాట ఆగగానే మళ్లీ పెరుగుతుంది.

పీఏ మిక్సర్ ఎవరికి మేలంటే, సొంత స్పీకర్లతో వంద మంది ఉండే ఇంటి ఫంక్షన్లు చేసేవారికి. అక్కడ డీజే, ఆపరేటరు ఒక్కరే కాబట్టి అన్నీ తన చేతిలోనే ఉండాలి. తెనాలి_బీట్స్ గారిది ఎక్కువగా ఆ పని కాదు.

నైజాం_నైట్స్
రెండు చానళ్లే చాలన్న మాట దగ్గర నాకు ఒక అభ్యంతరం ఉంది. ల్యాప్‌టాప్ ఆగిపోతే ఏమిటి? పెళ్లికూతురు స్టేజీ ఎక్కే సమయంలో స్క్రీన్ నీలంగా మారితే, పాటలున్న ఫోను ఒకటి అప్పటికే మూడో ఇన్‌పుట్‌లో సిద్ధంగా ఉండాలి. మూడో చానలుకు ఇంతకు మించిన ప్రయోజనం ఉండదు, కానీ ఆ ఒక్కసారికే దాని ధర వసూలవుతుంది.

గోదారి_ఫేడర్
అభ్యంతరం సమంజసమే. అయితే ఇన్‌పుట్లు, చానళ్లు ఒకటి కాదన్నది గమనించాలి. అలెన్ అండ్ హీత్ వారి జోన్:23 రెండు చానళ్ల మిక్సరే అయినా ప్రతి చానలుకూ రెండేసి ఇన్‌పుట్లు, వాటికి విడివిడిగా లెవెల్ నాబ్‌లు ఉంటాయి. అందులో ఒకటి గ్రామఫోను ప్లేయర్‌ను ఉద్దేశించినది కాబట్టి, ఫోను తగిలించే ముందు ఆ ఇన్‌పుట్ ఏ లెవెల్‌లో ఉందో వెనుక ప్యానెల్ మీద చూసుకోవాలి. బేస్, మిడ్, ట్రెబుల్ మూడింటినీ పూర్తిగా కోసేయగల ఈక్యూ, దానితో పాటు ఆ కంపెనీకి పేరు తెచ్చిన అనలాగ్ ఫిల్టర్ కూడా ఉన్నాయి. సౌండ్ కార్డు కావాలంటే 23సీ అనే రకం వేరుగా ఉంది.

అదే తరగతిలో పయనీర్ డీజేఎం-250ఎంకే2 ఉంది. సౌండ్ కార్డు, చానలుకొక ఫిల్టర్ ఉంటాయి కానీ బీట్ ఎఫెక్టులు (పాట వేగానికి తగ్గట్టు పనిచేసే ఎకో లాంటివి) ఉండవు. అవి కావాలంటే డీజేఎం-450కి వెళ్లాలి, అక్కడికి మీ బడ్జెట్ తెగిపోతుంది.

చక్కెరకేళి
ఎఫెక్టులు లేకపోతే జనం ఊగుతారా?

పాతికేళ్ల_పాట
బావమరిది కోరిన పాట వేస్తే ఊగుతారు. ఎకో ఎఫెక్టు వేస్తే ‘ఏమైంది, సౌండ్ పోయిందా?’ అని అడుగుతారు.

గోదారి_ఫేడర్
చక్కెరకేళి గారికి సూటిగా చెప్పాలంటే, కంట్రోలర్‌తో వేసేవారికి ఎఫెక్టులు సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. వాటినే మళ్లీ మిక్సర్‌లో కొనడం ఒకే వస్తువుకు రెండుసార్లు వెల కట్టడం. సౌండ్ కార్డు విషయం కూడా అంతే. రెండు కంట్రోలర్లలోనూ అది ఉంది. కార్యక్రమాన్ని యూఎస్‌బీ ద్వారా రికార్డు చేసుకోవాలన్నా, టైమ్‌కోడ్ రికార్డులతో (ల్యాప్‌టాప్‌లోని పాటను నడిపే ప్రత్యేకమైన గ్రామఫోను రికార్డులతో) వేయాలన్నా మాత్రం మిక్సర్‌లో ఉండడం మంచిది.

గీతల_డిస్కు
స్క్రాచింగ్ (రికార్డును ముందుకూ వెనక్కూ కదిపి గీకిన శబ్దం తెప్పించడం) చేసేవారి మాట ఎవరూ ఎత్తలేదు. మాకు పైన చెప్పినవేవీ ముఖ్యం కావు, ఒక చానలు నుంచి మరో చానలుకు మార్చే అడ్డ మీట, అంటే క్రాస్‌ఫేడర్ ఒక్కటే ముఖ్యం. అది లోపల రాపిడి లేకుండా అయస్కాంతంతో పనిచేసేదై ఉండాలి, కొస నుంచి ఒక మిల్లీమీటరు జరపగానే పాట పూర్తిగా తెరుచుకునేలా కర్వ్ మార్చుకునే వీలుండాలి. రేన్ సెవెంటీ, డీజేఎం-ఎస్ వరుస మిక్సర్లు అందుకోసమే పుట్టాయి. పెళ్లిళ్లకు వాటిని కొనమని నేను చెప్పను.

డాలస్_దరువు
నేను సెలవుల్లో తెనాలికి వచ్చేటప్పుడు, అమెరికాలో ధర తక్కువ కాబట్టి మిక్సర్ ఇక్కడే కొని తీసుకురమ్మని మా తమ్ముడు ఒకసారి అడిగాడు. అమెరికాలో కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. కొన్ని మిక్సర్లు 100 నుంచి 240 దాకా ఏదైనా తీసుకుంటాయి, కొన్నింటికి మాత్రం అమెరికా కోసం విడిగా చేసిన సరఫరా ఉంటుంది. వెనుక చీటీ మీద 120 అని మాత్రమే ఉంటే, మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టిన క్షణమే దాని జీవితం ముగుస్తుంది. కస్టమ్స్ సుంకం, భారతదేశంలో వారంటీ చెల్లకపోవడం కలుపుకుంటే మిగిలేది తక్కువ. మా తమ్ముడికి నేను హెడ్‌ఫోన్లు మాత్రమే తెచ్చాను.

పాతికేళ్ల_పాట
తమ్ముడు ఇంకా మాట్లాడుతున్నాడా?

డాలస్_దరువు
హెడ్‌ఫోన్లు మంచివే కాబట్టి మాట్లాడుతున్నాడు.

మూసీ_మిక్స్
హైదరాబాదులో పనిచేసేవారు ఇంకొక లెక్క కూడా వేసుకోవాలి. 2024 అక్టోబరులో నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేల వాడకాన్ని నిషేధించారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లపై ఆంక్షలు 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల నుంచే ఉన్నాయి. నా వరకు చూస్తే బండి మీద పెట్టి వాయించే పని తగ్గి, నాలుగు గోడల మధ్య చేసే పని పెరిగింది. హాలులో తక్కువ శబ్దంలో మిక్సర్ లోపాలు బయటపడతాయి. చవక పెట్టెల్లో పాట ఆగినప్పుడు వినిపించే సన్నటి ‘స్స్‌స్స్’ ఊరేగింపులో ఎవరికీ తెలియదు, భోజనాల సమయంలో వేసే వాయిద్య సంగీతంలో అందరికీ తెలుస్తుంది. కొనే ముందు దుకాణంలో పాట ఏదీ వేయకుండా మాస్టర్ పూర్తిగా పెంచి హెడ్‌ఫోనుతో వినండి.

సాగర్‌తీరం_సౌండ్
మంచి పరీక్ష. దానితో పాటు లెవెల్ లైట్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఎర్ర లైటు వెలిగితేనే పాట జోరుగా ఉందని అనుకునే డీజేలతో మేము నిత్యం వేగుతుంటాం. ఎర్ర లైటు వెలిగిందంటే తరంగం కొసలు తెగిపోతున్నాయని అర్థం, తెగిన తరంగం మా ట్వీటర్లను (ట్రెబుల్ పలికే చిన్న స్పీకర్లను) కాలుస్తుంది. కంట్రోలర్ మాస్టర్‌ను, మిక్సర్ చానల్ గెయిన్‌ను పచ్చ లైటు దాటి నారింజ అంచు తాకేంత వరకే ఉంచి, ఇంకా శబ్దం కావాలంటే ఆపరేటరును అడగండి. రెండు మిక్సర్లు వరుసగా ఉన్నప్పుడు మొదటిదానిలో పగిలిన శబ్దాన్ని రెండవది బాగు చేయలేదు.

తెనాలి_బీట్స్
నిన్న రిసెప్షన్‌లో చార్జరు తీసి చూశాను, హమ్మింగ్ ఆగిపోయింది. స్టీరియో డీఐ బాక్సు ముందుగా కొంటున్నాను. మిక్సర్ విషయంలో జోన్:23 వైపు మొగ్గుతున్నాను, ఎందుకంటే నైజాం_నైట్స్ గారు చెప్పిన అత్యవసర ఫోనుకు అందులో చోటు ఉంది, సౌండ్ కార్డు నాకు అవసరం లేదు. అయితే ఒకరు గుంటూరులో వాడిన డీజేఎం-450 అమ్మకానికి పెట్టారు, ధర నా పరిధిలోనే ఉంది. దాన్ని చూడడానికి వెళితే ఏమేం పరీక్షించాలి?

ఖమ్మం_ఢంకా
మీ కంట్రోలర్, మీ వైర్లు, మీ హెడ్‌ఫోను తీసుకువెళ్లండి. అమ్మేవారి వైర్లతో పరీక్షించవద్దు. పాట నడుస్తుండగా ఒక్కొక్క ఫేడరును నెమ్మదిగా పైకి కిందికి జరిపి కరకర వినిపిస్తుందేమో చూడండి. ఫేడర్ పూర్తిగా కింద ఉన్నప్పుడు కూడా పాట లీలగా వినిపిస్తే ఆ ఫేడర్ అరిగిపోయింది. వెనుక పిన్నులను పక్కలకు కదిపితే ఒక వైపు శబ్దం పోకూడదు. బిల్లు, సీరియల్ నంబరు సరిపోలాలి. మైకు ఇన్‌పుట్‌ను చాలామంది పరీక్షించడం మరిచిపోతారు, పెళ్లి మిక్సర్లలో ముందుగా పాడయ్యేది మాత్రం అదే. నాబ్‌ల మొదళ్లలో పసుపు ఉందేమో కూడా చూడండి, అమ్మేవారు క్లబ్బులో మాత్రమే వాడామని చెప్పినా సరే.

వినైల్_మావయ్య
450 బాగుంటే దాన్నే తీసుకోండి. ఎఫెక్టుల మీద ఇక్కడ అందరికీ చిన్నచూపు ఉంది కానీ, ల్యాప్‌టాప్ తడబడిన ఆ రెండు క్షణాలు దాటించడానికి మిక్సర్‌లోని ఎకోకు మించినది లేదు. పాట ఆగినా దాని తోక వినిపిస్తూనే ఉంటుంది.

ఉలిపికట్టె
ఈ ఒక్క విషయంలో మావయ్య గారితో ఏకీభవిస్తున్నాను, ఇది చరిత్రలో నమోదు కావాలి.

గోదారి_ఫేడర్
ఏది తీసుకున్నా, ఇద్దరూ పనిచేసేటప్పుడు క్రాస్‌ఫేడర్‌ను ఆపేసే సదుపాయం ఉంటే ఆపేయండి, లేకపోతే సరిగ్గా మధ్యలో ఉంచి పైన ఒక టేపు ముక్క అంటించండి. మీరు వాడేది చానల్ ఫేడర్లను మాత్రమే. చీకట్లో ఎవరి మోచేయో తగిలి క్రాస్‌ఫేడర్ ఒక పక్కకు జరిగితే, రెండో డీజే వేసిన పాట ఎందుకు రావడం లేదో వెతుక్కునే సరికి దంపతులు స్టేజీ మీదికి వచ్చేసి ఉంటారు.